వాడేసిన అణు ఇంధనం రవాణా: పేటిక గట్టిదే, మిగతా ఏర్పాట్ల సంగతేమిటి?

మోటుపల్లి_రేవు | టపా 1

మేము డాలస్‌కు ఉత్తరాన ఉంటున్నాము. ఈ మధ్య పిల్లలతో గ్లెన్ రోజ్ వెళ్లి, పలక్సీ నది అడుగున రాతిలో మిగిలిన డైనోసార్ అడుగుజాడలు చూసి వచ్చాము. పిల్లలకు ఆ గుంతలు నచ్చాయి. నా మనసు మాత్రం ఆ ఊరికి దగ్గరలోనే ఉన్న కోమాంచీ పీక్ అణు విద్యుత్ కేంద్రం గోపురాల దగ్గరే ఆగిపోయింది. 1990లో ఒకటి, 1993లో ఒకటి మొదలైన ఆ రెండు రియాక్టర్లలో వాడేసిన ఇంధనం ఇప్పటికీ ఆ ప్రాంగణంలోనే ఉంది. అమెరికాలో ఇలా పేరుకుపోయినది సుమారు 90,000 టన్నులు, డెబ్బైకి పైగా చోట్ల ఉంది. 1998 జనవరి 31 నుంచి దానిని తీసుకుపోతామని ఒప్పుకున్న ప్రభుత్వం ఇంతవరకూ ఆ పని మొదలుపెట్టనే లేదు.

పశ్చిమ టెక్సాస్‌లోని ఆండ్రూస్ కౌంటీలో, మొత్తం 40,000 టన్నుల ప్రణాళికలో తొలి దశగా 5,000 టన్నుల వరకు తాత్కాలికంగా దాచడానికి అణు నియంత్రణ కమిషన్ 2021 సెప్టెంబరులో అనుమతి ఇచ్చింది. అదే నెలలో రాష్ట్రం దానిని నిషేధిస్తూ చట్టం చేసింది. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3 తేడాతో కమిషన్ పక్షాన తీర్పు చెప్పింది కానీ, ఆ తీర్పు అర్జీ పెట్టే అర్హత టెక్సాస్‌కు ఉన్నదా లేదా అన్న దాని మీదే తప్ప, రవాణా భద్రత మీద కాదు. ఆండ్రూస్‌కే పోతుందో మరోచోటికి పోతుందో తెలియదు కానీ, ఏదో ఒకనాడు ఆ ఇంధనం రైలెక్కక తప్పదు. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, ఈ విషయంలో నాకున్నది పత్రికా జ్ఞానమే. ఆ ఇంధనాన్ని మోసే పేటికలకు చేసే పరీక్షలు నిజమైన ప్రమాదానికి సరిపోతాయా, సరిపోకపోతే జవాబు చెప్పవలసినది ఎవరు అన్నవి నా ప్రశ్నలు. తెలిసినవారు వివరంగా రాయగలరు.

పెట్టెల_మేస్త్రి | టపా 2

రేవు గారూ, ముప్పై ఏళ్లు పీడన పాత్రల తయారీలోను, అందులోనూ ఎక్కువ కాలం వెల్డింగ్ తనిఖీలోను పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని కనుక, పేటిక సంగతి నేను చెబుతాను.

ముందు లోపల ఉండేదేమిటో తెలియాలి. చాలామంది అనుకున్నట్లు అది పచ్చగా మెరిసే ద్రవం కాదు. వేలి కొన అంత ఉండే యురేనియం ఆక్సైడ్ బిళ్లలను జిర్కోనియం మిశ్రలోహపు సన్నని గొట్టాలలో పేర్చి, ఆ గొట్టాలను కట్టలుగా కట్టి ఉంటాయి. అది కాల్చిన పింగాణీ వంటి పదార్థం కనుక ఒలికిపోదు, పేటిక పగిలినా అణుబాంబులా పేలదు. ప్రమాదమంతా అది వెలువరించే గామా, న్యూట్రాన్ వికిరణంలోను, గొట్టాలు చిట్లితే బయటపడే వాయువులు, సీజియం, సన్నని ధూళిలోను ఉంది. రియాక్టరు నుంచి తీసిన తరువాత మామూలుగా కొన్నేళ్లపాటు నీటి కొలనులో చల్లార్చాకే దానిని పేటికకు ఎక్కిస్తారు. లారీ మీద పోయే పేటిక పాతిక టన్నుల పైచిలుకు, రైలు మీద పోయేది వంద టన్నులు దాటి ఉంటుంది. ఆ బరువులో సింహభాగం ఉక్కుదీ, సీసం వంటి కవచాలదీ, ఇంధనం వాటా స్వల్పం.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1961 నుంచి సవరిస్తూ వస్తున్న రవాణా నియమావళినే దాదాపు అన్ని దేశాలూ తమ చట్టాలలోకి తీసుకున్నాయి. దాని ప్రకారం ఈ తరగతి పేటికను ఏమాత్రం చలించని గట్టి తలం మీదికి 9 మీటర్ల ఎత్తు నుంచి, అది ఏ కోణంలో పడితే ఎక్కువ దెబ్బ తింటుందో ఆ కోణంలో, పడవేయాలి. నిటారుగా నిలిపిన 15 సెంటీమీటర్ల వ్యాసపు ఉక్కు కడ్డీ మీదికి మీటరు ఎత్తు నుంచి వదలాలి. ఆపైన దానినే 800 డిగ్రీల మంటలో అన్నివైపులా అరగంట పాటు ఉంచాలి. నీటిలో ముంచే పరీక్షలు వేరే ఉన్నాయి. ఇంత రేడియోధార్మికత ఉన్న సరుకుకైతే 200 మీటర్ల లోతు పీడనానికి గంటసేపు తట్టుకోవాలి. ప్రతి నమూనానూ పూర్తి పరిమాణంలో పడవేసి చూస్తారని మాత్రం అనుకోవద్దు. చిన్న నమూనాలతోను, కంప్యూటరు లెక్కలతోను నిరూపించినా నియమావళి ఒప్పుకుంటుంది. నాకు అసంతృప్తి ఉన్నది అక్కడే.

వాల్తేరు_లోకో | టపా 3

నేను వాల్తేరు డివిజన్‌లో గూడ్సు బళ్లు నడిపి పదవీ విరమణ చేశాను. మేస్త్రి గారు చెప్పిన 9 మీటర్ల లెక్క మా మనవడి చేత కట్టించాను. అంత ఎత్తు నుంచి పడిన వస్తువు నేలను తాకేటప్పటి వేగం గంటకు 48 కిలోమీటర్లే అవుతుందట. మా ఖాళీ గూడ్సు కూడా అంతకంటే వేగంగా పోతుంది. ఎదురుగా వచ్చే బండి వేగం దానికి కలిస్తే ఏమిటి పరిస్థితి? నియమం రాసినవారు ఎప్పుడైనా ఇంజను ఎక్కారా అని అనుమానం వచ్చింది.

పెట్టెల_మేస్త్రి | టపా 4

అనుమానం న్యాయమైనదే. వేగం ఒక్కటే చూస్తే అలాగే కనిపిస్తుంది. ఒక ఇత్తడి బిందెను అదే ఎత్తు నుంచి ఒకసారి దమ్ము చేసిన మడిలోను, ఒకసారి నూతి గట్టు చప్టా మీదను పడవేయండి. మడిలో బురద దెబ్బను మింగేస్తుంది, చప్టా మీద మొత్తం దెబ్బను బిందే మింగాలి. పరీక్షలోని తలం ఆ చప్టా కంటే కూడా మొండిది. కాంక్రీటు దిమ్మె మీద మందపాటి ఉక్కు పలక పరిచి, పేటిక కంటే ఎన్నో రెట్లు బరువు ఉండేలా కడతారు. నిజమైన ప్రమాదంలో ఎదురు ఇంజను నలుగుతుంది, వ్యాగను వంగుతుంది, నేల దిగబడుతుంది, అవన్నీ తమ వంతు శక్తిని తీసుకుంటాయి. అందుకే చలించని తలం మీద 48 కిలోమీటర్ల దెబ్బ, మామూలు వస్తువుల మీద అంతకు చాలా ఎక్కువ వేగపు దెబ్బకు సమానమవుతుంది.

దీనిని జనం ఎదుటే చేసి చూపించారు. 1984 జూలై 17న బ్రిటన్‌లోని ఓల్డ్ డాల్బీ దగ్గర, మనుషులు లేని ఇంజనును మూడు పెట్టెలతో సహా గంటకు 100 మైళ్ల వేగంతో తోలి, పట్టాలకు అడ్డంగా పడవేసి ఉంచిన సుమారు 48 టన్నుల పేటికను గుద్దించారు. ఇంజను ముందు భాగం తుక్కుతుక్కయింది. పేటిక గీతలు పడి పక్కకు దొర్లింది కానీ, లోపల నింపి ఉంచిన గాలి పీడనంలో తగ్గుదల నామమాత్రమే. అంతకు ముందే 1970లలో అమెరికాలోని సాండియా ప్రయోగశాల వారు లారీలను గోడకు గుద్దించి, లారీ మీది పేటికను రైలింజనుతో గుద్దించి చూశారు. తలవని తలంపుగా జరిగిన పరీక్ష కూడా ఒకటి ఉంది. 1971 డిసెంబరు 8న టెన్నెసీలో ఎదురు వాహనాన్ని తప్పించబోయి ఇటువంటి లారీ బోల్తాపడింది. డ్రైవరు చనిపోయాడు. రోడ్డు పక్కకు ఎగిరిపడిన పేటిక నుంచి ఏమీ బయటికి రాలేదు.

వాల్తేరు_లోకో | టపా 5

బిందె ఉదాహరణతో దెబ్బ సంగతి బోధపడింది, ఒప్పుకుంటున్నాను. మంట సంగతి ఒప్పుకోను. కొత్తవలస నుంచి కిరండూలు పోయే మా ఘాట్ సెక్షన్‌లో ఎన్నో సొరంగాలు ఉన్నాయి. బ్రేకులు పట్టేసిన వ్యాగను ఒకటి సొరంగంలోకి పోతే ఆ కాలిన ఇనుప వాసన, ఆ వేడి ఎటూ పోవు. బయటికి వచ్చి గార్డు దీపం ఊపే దాకా ఊపిరి బిగబట్టుకొని కూర్చున్న రాత్రి నాకు జ్ఞాపకం ఉంది. ఆ బండిలో ఉన్నది ఇనుప ఖనిజం కనుక సరిపోయింది. పెట్రోలు ట్యాంకర్లు సొరంగంలో అంటుకుంటే అరగంటలో ఆరిపోవు.

పెట్టెల_మేస్త్రి | టపా 6

మీరు చెప్పినదే బాల్టిమోర్‌లో జరిగింది. 2001 జూలై 18న నగరం కింద ఉన్న హోవర్డ్ స్ట్రీట్ సొరంగంలో గూడ్సు బండి పట్టాలు తప్పి, మండే రసాయనం ఉన్న ట్యాంకరు చిల్లుపడి గంటల తరబడి మండింది. ఆ బండిలో అణు ఇంధనం లేదు. ఉండి ఉంటే ఏమయ్యేదో అమెరికా అణు నియంత్రణ కమిషన్ వారు మూడు రకాల పేటికలకు లెక్కకట్టించారు. ఇంధనం బయటికి రాదని తేలింది. అయితే రెండు రకాలలో మూత దగ్గరి సీళ్లు తమ ఉష్ణోగ్రత పరిమితిని దాటుతాయని, ఇంధనపు గొట్టాల పైభాగాన అంటుకొని ఉండే తుప్పు పొడి కొద్దిగా బయటపడే అవకాశం ఉందని, అదీ నియమావళి ఒప్పుకొనే పరిమితికి లోబడే ఉంటుందని ఆ నివేదిక చెప్పింది.

ఇక్కడ ఇంజనీర్లు పేటిక గోడను మందం చేయాలని కూర్చోలేదు. అణు ఇంధనపు బండి, మండే సరుకుల బండి ఒకే సమయంలో జంట మార్గాల సొరంగంలో ఎదురుపడకూడదని అమెరికా రైల్వే సంఘం తన నడుపుదల నియమాలలో చేర్చింది. ఉక్కు ఖర్చు లేని పరిష్కారం ఇది, ఒక కంట్రోలరు సిగ్నలు ఆపితే చాలు. కానీ ఆ కంట్రోలరుకు ఏ బండిలో ఏముందో తెలిసి ఉండాలి. 2006లో అమెరికా జాతీయ అకాడమీల సంఘం కూడా ఈ రవాణాకు మౌలికమైన సాంకేతిక అడ్డంకులేమీ లేవంటూనే, దీర్ఘకాలం మండే మంటల మీద ఇంకా పరిశోధన జరగాలని, పూర్తి పరిమాణపు పరీక్షలు కొనసాగాలని రాసింది.

మౌలాలి_చౌరస్తా | టపా 7

చిన్న సవరణ. మా హైదరాబాదులో అణు ఇంధన సముదాయం ఉండటం వలన, అక్కడి నుంచి బయలుదేరే లారీలను చూసి "అణు వ్యర్థాలు పోతున్నాయి" అని వాట్సాప్‌లో పుకార్లు పుట్టించేవారు ఉన్నారు. అక్కడ తయారయ్యేది తాజా ఇంధనం. మన 220 మెగావాట్ల రియాక్టర్లలో వాడే కట్ట అరమీటరు పొడవు ఉంటుంది, 19 కడ్డీలు ఉంటాయి, ఒక మనిషి చేతులతో ఎత్తి పట్టుకోగలడు. అదే కట్ట రియాక్టరులో మండి బయటికి వస్తే, కవచం లేకుండా దగ్గర నిలబడినవాడికి నిమిషాల్లో ప్రాణాంతకం. కంటికి రెండూ దాదాపు ఒకే తీరుగా కనిపిస్తాయి. ఈ రెంటినీ కలిపి మాట్లాడేవారితో వాదించి ప్రయోజనం లేదు.

బెర్లిన్_బాటసారి | టపా 8

ఇక్కడ అందరూ పేటిక పగులుతుందా అని అడుగుతున్నారు. జర్మనీలో పేటిక ఎన్నడూ పగలలేదు, అయినా రవాణా మొత్తం ఆగిపోయింది. ఆ కథ ఈ చర్చకు అవసరమని నా అభిప్రాయం.

పేటికలో ఇంధనం నింపడానికి దానిని కొలను నీటిలోకి దించుతారు. ఆ నీటిలో కరిగి ఉన్న రేడియోధార్మిక పదార్థాలు ఉక్కు పైపూతలోని, బోల్టుల సందుల్లోని సూక్ష్మరంధ్రాలలో చేరతాయి. పైకి తీశాక కడిగి, తుడిచి, కొలిచి, శుభ్రంగా ఉందని ధ్రువపత్రం ఇస్తారు. బండి ఎండకూ వానకూ కదిలిన తరువాత, రంధ్రాలలో దాగినది మెల్లగా పైకి చెమరుస్తుంది. బయలుదేరేటప్పుడు శుభ్రంగా ఉన్న పేటిక గమ్యం చేరేసరికి చదరపు సెంటీమీటరుకు 4 బెకెరెల్ (రేడియోధార్మికతకు కొలమానం) అన్న పరిమితిని దాటుతుంది. ఫ్రాన్సులోని వలోన్య్ స్టేషనులో, వాడేసిన ఇంధనాన్ని శుద్ధి చేసే లా హేగ్ కర్మాగారానికి పోయే పేటికల మీద, వ్యాగన్ల మీద, ఇలా పరిమితిని మించిన మచ్చలు ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉన్నాయి. కొన్ని చోట్ల ఆ మచ్చలు పరిమితికి వేల రెట్లు ఉన్నాయి.

1998 వసంతంలో ఫ్రెంచి నియంత్రణాధికారులు దీనిని బయటపెట్టిన తరువాతే జర్మన్ ప్రజలకు తెలిసింది. విద్యుత్ సంస్థలకు మాత్రం 1980ల నుంచే తెలుసు. పర్యావరణ మంత్రిగా ఉన్న ఆంగెలా మెర్కెల్ ఆ మే నెలలో రవాణాను నిలిపివేశారు. అది తిరిగి మొదలయ్యేసరికి 2001 వచ్చింది. ఆ మచ్చల వలన రైల్వే కార్మికులకు గాని, కాపలా కాసిన పోలీసులకు గాని హాని జరిగే మోతాదు అందలేదని నిపుణుల సంఘాలు తేల్చాయి, నేను ఆ మాట నమ్ముతాను కూడా. అయితే ఆ బళ్ల పక్కన చలిలో రాత్రుళ్లు నిలబడిన పోలీసుల సంఘమే "మాకెందుకు చెప్పలేదు" అని అడిగినప్పుడు, మోతాదుల లెక్కలు ఎవరికి కావాలి? ఆ తరువాత జర్మనీలోని గోర్లేబెన్ నిల్వ కేంద్రానికి పోయిన ప్రతి బండికీ వేలాది పోలీసులు కాపలా కాయవలసి వచ్చింది.

గాజువాక_అరుణ | టపా 9

బాటసారి గారు చెప్పినది చదివాక మా ఊరి సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్ముకొని పన్నెండు మంది మరణించారు. కర్మాగారంలో అలారం ఏర్పాట్లు ఉండి కూడా సైరను మోగలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి సంఘమే తేల్చింది. జనానికి ప్రమాదాన్ని తెలిపినది వాసన, కళ్ల మంట. వికిరణానికి వాసన లేదు, మంట లేదు.

కనుక మేస్త్రి గారిని ఒకటి అడగదలిచాను. పేటిక చెక్కుచెదరకపోయినా, దాని పక్కన ట్రాఫిక్‌లో చిక్కుకున్నవారికి ఏమవుతుంది? ఆ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు.

పెట్టెల_మేస్త్రి | టపా 10

అరుణ గారూ, పేటిక ఎంత మందంగా ఉన్నా కొంత వికిరణం బయటికి వస్తుంది, నియమం దానికి పరిమితి పెడుతుందే కానీ సున్నా చేయదు. వాహనం అంచు నుంచి 2 మీటర్ల దూరంలో గంటకు 0.1 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే వికిరణ మోతాదుకు కొలమానం) దాటకూడదు. సామాన్య జనానికి ఏడాదికి అనుమతించే పరిమితి 1 మిల్లీసీవర్ట్. అంటే పరిమితి అంచున ఉన్న వాహనం పక్కన, ఆ దూరంలో, పది గంటలు నిలబడితే ఏడాది కోటా పూర్తవుతుంది. అరగంట ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవారి గురించి నేను కంగారు పడను. రోజూ ఆ బళ్లను కలిపే, విడదీసే యార్డు కార్మికుల మోతాదును మాత్రం విధిగా కొలవాలంటాను.

నా వృత్తి రహస్యం ఒకటి చెబుతాను. ఒక కర్మాగారంలో (అణు సంబంధమైనది కాదు, ఎరువుల కంపెనీ కోసం చేస్తున్న పాత్ర) రెండు అతుకుల ఎక్స్‌రే ఫిల్ములను వెలుతురు బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. రెంటిలోనూ ఒకే చోట, ఒకే ఆకారంలో, బియ్యపు గింజలో సగమంత గాలి బుడగ కనిపించింది. వేర్వేరు అతుకులలో ఒకే బుడగ ఉండదు. ఒక అతుకునే రెండుసార్లు తీసి, రెండో ఫిల్ము మీద వేరే నంబరు వేశారు. ఆ రెండో అతుకును ఎవరూ తీయలేదు, వానాకాలం గడువు ముంచుకొస్తోందట. తీయించి చూస్తే అతుకు బాగానే ఉంది. నేను మాత్రం ఆ వారమంతా పాత ఫిల్ములన్నీ తిరగేశాను. పరీక్షలో నెగ్గేది నమూనా పేటిక, పట్టాలెక్కేది దాని నలభయ్యో నకలు. ఆ రెంటినీ కలిపేది ఇటువంటి కాగితాలే.

రణస్థలం_రైతుబిడ్డ | టపా 11

అమెరికా, జర్మనీ సంగతులు తెలిశాయి, కృతజ్ఞతలు. మా కొవ్వాడలో 1208 మెగావాట్ల అమెరికా రియాక్టర్లు ఆరు పెడతామంటున్నారు. వాటిలో వాడేసిన ఇంధనం ఎక్కడికి పోతుందని అడిగితే, మన దేశం దానిని వ్యర్థంగా చూడదు, శుద్ధి చేసి మళ్లీ వాడుకుంటుంది అని జవాబు వస్తుంది. ఆ శుద్ధి మా మండలంలో జరగదు కదా. అంటే జాతీయ రహదారి మీదుగానో, చీపురుపల్లి వైపు రైలు మార్గం మీదుగానో పోవాలి. దానికి ఎవరు పూచీ?

మౌలాలి_చౌరస్తా | టపా 12

తారాపూర్‌లోను, కల్పాక్కంలోను శుద్ధి కర్మాగారాలు ఉన్నాయి, స్వదేశీ రియాక్టర్ల ఇంధనం ఇప్పటికే వాటికి చేరుతోంది. అయితే అమెరికా ఇంధనానికి వేరే మడత పేచీ ఉంది. 2010లో రెండు దేశాలూ కుదుర్చుకున్న ఏర్పాటు ప్రకారం దానిని అంతర్జాతీయ తనిఖీ కింద ప్రత్యేకంగా నిర్మించే కొత్త కేంద్రాల్లోనే శుద్ధి చేయాలి. ఆ కేంద్రాలు సిద్ధమయ్యేవరకు ఇంధనం రియాక్టరు పక్కనే ఉండాలన్న మాట. తమిళనాడులోని కూడంకుళం అణు కేంద్రంలో వచ్చిన పేచీ కూడా ఇటువంటిదే. 2013 మేలో సుప్రీంకోర్టు వాడేసిన ఇంధనం నిల్వ గురించి ఆదేశాలిచ్చింది. ఆ తరువాత నిల్వ కేంద్రం నిర్మాణానికి గడువు పొడిగించవలసి వచ్చింది. దాని మీద 2019 జూలైలో పెట్టదలచిన ప్రజాభిప్రాయ సేకరణ నిరసనల వలన వాయిదా పడింది.

పూచీ సంగతి అడిగారు. పేటిక నమూనాకు, రవాణాకు అనుమతి ఇచ్చేది అణుశక్తి నియంత్రణ మండలి. 1983లో ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టిన ఆ సంస్థకు తగిన చట్టబద్ధ హోదా లేదని, కొన్ని ఉల్లంఘనలకు గరిష్ఠ జరిమానా 500 రూపాయలేనని కాగ్ 2012లో తప్పుపట్టింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త అణుశక్తి చట్టం (ఇంగ్లీషు పొడి అక్షరాలలో "శాంతి") ఆ హోదాను ఇచ్చింది, ప్రైవేటు సంస్థలకు తలుపులూ తెరిచింది. హోదా వచ్చినంత మాత్రాన స్వభావం మారుతుందని నేను అనుకోను. తనిఖీ నివేదికలు తెలుగులో మండల కార్యాలయం గోడ మీద కనిపించినప్పుడు నమ్ముతాను.

బెర్లిన్_బాటసారి | టపా 13

చౌరస్తా గారితో కొంత విభేదిస్తాను. నివేదికలు సరే, అన్నీ గోడ మీద పెట్టలేము; బండి బయలుదేరే సమయం, మార్గం ముందుగా గోడకు అంటించడం విద్రోహులకు ఆహ్వానం పలకడమే. అమెరికాలో కూడా మార్గపు వివరాలు రహస్యమే. కనీసం ఏడు రోజుల ముందు ఆయా రాష్ట్రాల గవర్నర్లకు తెలియజేస్తారు, 2012 తరువాత ఆదిమజాతుల ప్రభుత్వాలకు కూడా తెలియజేసేలా నిబంధన మార్చారు. రవాణా ముగిసిన తరువాత కొలతలన్నీ ప్రకటించడానికి మాత్రం ఏ భద్రతా కారణమూ అడ్డు రాదు. జర్మనీలో 1998 దాకా దాచినవి అవే.

మోటుపల్లి_రేవు | టపా 14

అందరికీ కృతజ్ఞతలు. మేస్త్రి గారూ, ఒక్క సందేహం మిగిలింది. నలభై ఏళ్లు ఎండలో, వానలో నిల్వ ఉన్న ఇంధనం ప్రయాణపు కుదుపులకు తట్టుకుంటుందా? పేటిక కొత్తదే కావచ్చు, లోపలి గొట్టాలు పాతవి కదా.

పెట్టెల_మేస్త్రి | టపా 15

నేను ఎదురుచూసిన ప్రశ్న ఇదే. టన్నుకు 45 గిగావాట్-రోజులకు (ఇంధనం ఎంత శక్తి ఇచ్చిందో చెప్పే కొలత) మించి మండించిన ఇంధనపు గొట్టాలలో హైడ్రోజన్ చేరుతుంది. అది లోహంతో కలిసి హైడ్రైడ్లు అనే పలుకులుగా మారుతుంది; చల్లారుతున్నప్పుడు ఆ పలుకులు గొట్టం గోడకు అడ్డంగా తిరిగితే అది పెళుసుబారుతుంది. దీని మీద పరిశోధన సాగుతోంది. కుదుపుల సంగతి కొంత తేలింది. 2017లో ఉత్తుత్తి ఇంధనం నింపిన స్పెయిన్ పేటికను లారీ మీద, ఓడ మీద బెల్జియం దాకా, అక్కడి నుంచి సముద్రం దాటించి బాల్టిమోర్‌కు, ఆపైన రైలులో కొలరాడోలోని ప్యూబ్లోకు తీసుకుపోయి, దారి పొడవునా గొట్టాల మీది ఒత్తిడిని కొలిచారు. పట్టాల అతుకుల మీద, వ్యాగన్లు కలిపేటప్పుడు కూడా అది పదార్థం తట్టుకోగలిగిన దానిలో చిన్న భాగమే. అయితే గొట్టాలు కొత్తవి.

వాల్తేరు_లోకో | టపా 16

అమెరికా వారు దీని కోసం పన్నెండు ఇరుసుల ప్రత్యేక వ్యాగను తయారుచేసి, 2024లో రైల్వే సంఘం ఆమోదం పొందారని మా మనవడు చదివి వినిపించాడు. సంతోషం. బండి అప్పగించేటప్పుడు మాకు బ్రేక్ పవర్ సర్టిఫికెట్ ఇస్తారు. అందులో ఎన్ని వ్యాగన్ల బ్రేకులు పనిచేస్తున్నాయో రాసి, సంతకాలు ఉంటాయి. కొందరు చూడకుండానే సంతకం పెడతారు. పన్నెండు ఇరుసుల వ్యాగనుకూ ఆ కాగితం ఉంటుందిగా, దానిని నింపేవాడికి ఆ రాత్రి ఎన్ని బళ్లు అప్పగించారో కూడా ఎవరైనా అడగాలి.

మోటుపల్లి_రేవు | టపా 17

లోకో గారూ, ఆ ప్రశ్ననే నా దారికి తిప్పుకుంటున్నాను. 1982 అణు వ్యర్థాల చట్టంలోని 180(సి) విభాగం, రవాణా మార్గంలోని స్థానిక సిబ్బందికి శిక్షణ కోసం ఇంధన శాఖ నిధులు ఇవ్వాలంటుంది. గ్లెన్ రోజ్ చుట్టుపక్కల చిన్న ఊళ్లలో అగ్నిమాపక దళాలు చాలావరకు స్వచ్ఛంద సేవకులవే, పగలు వేరే ఉద్యోగాలు చేసుకొనేవారే. వారిలో ఎంతమందికి వికిరణ మీటరు చదవడం నేర్పారో, ఆ మీటరును చివరిసారి ఎప్పుడు సరిచూశారో తెలుసుకోవడానికి కౌంటీ అత్యవసర విభాగానికి ఈ రోజు ఉత్తరం రాశాను. జవాబు వస్తే ఇక్కడే పెడతాను.